ప్యానెల్ వచ్చింది.. మరి ఉర్దూ టీచర్‌కు శిక్షణ ఏది?

ప్రభుత్వ బడుల్లో ఇప్పుడు నల్లబల్ల పక్కన పెద్ద టచ్ స్క్రీన్ కనిపిస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడు కింద తరగతి గదుల్లో ఇంటరాక్టివ్ ప్యానెళ్లు పెట్టారు. 2022 డిసెంబర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు, వాళ్ల టీచర్లకు ట్యాబ్‌లు ఇచ్చారు. పరికరాలైతే వచ్చాయి. వాటితో పాఠం ఎలా చెప్పాలో టీచర్లకు అంతే శ్రద్ధగా నేర్పుతున్నారా అన్నదే అసలు ప్రశ్న.

కాగితం మీద శిక్షణకు కొదవ లేదు. కేంద్రం 2017లో దీక్ష పోర్టల్ తెచ్చింది. 2019లో మొదలైన నిష్ఠ శిక్షణ కరోనా సమయంలో ఆన్‌లైన్‌కు మారింది. ప్రతి టీచర్ ఏడాదికి కనీసం 50 గంటలు శిక్షణ పొందాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. అయితే గంటలు లెక్కపెట్టడం తేలికే. వీడియోలు చూసి, చివర్లో క్విజ్ పూర్తిచేస్తే సర్టిఫికెట్ చేతికొస్తుంది. మర్నాడు క్లాసులో ఏం మారిందో మాత్రం ఆ సర్టిఫికెట్ చెప్పదు.

ఉర్దూ మీడియం బడుల్లో ఇబ్బంది ఇంకాస్త ఎక్కువ. ఉర్దూ రాత కుడి నుంచి ఎడమకు, లెక్కల్లో సమీకరణాలు ఎడమ నుంచి కుడికి. రెండూ ఒకే స్లైడులో కలిస్తే వరుస తారుమారవుతుంది. పాత ఇన్‌పేజ్‌లో టైప్ చేసి దాచుకున్న ప్రశ్నపత్రాన్ని యూనికోడ్‌లోకి మార్చకుండా గూగుల్ ఫామ్‌లో పెడితే అక్షరాల బదులు పిచ్చి గుర్తులొస్తాయి. అందరికీ కలిపి పెట్టే శిక్షణలో ఈ చిక్కులు విప్పే తీరిక ఎవరికుంటుంది? టీచర్ రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారి మళ్లీ సుద్దముక్కే పట్టుకుంటారు. ఆ తప్పు టీచర్‌ది కాదు.

దీనికి దారి లేకపోలేదు. హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఉర్దూ మీడియం టీచర్ల శిక్షణకే ఓ కేంద్రం ఉంది. ఉర్దూ తెలంగాణలో 2017 నుంచి, ఏపీలో 2022 నుంచి రాష్ట్రమంతటా రెండో అధికార భాష. ఆ హోదా బోర్డుల మీదే ఆగిపోకూడదు. సబ్జెక్టు వారీగా, ఉర్దూలోనే, టీచర్ తన పాఠాన్ని తానే తయారుచేసుకునేలా శిక్షణ ఉండాలి. నెల తర్వాత ఎవరైనా బడికొచ్చి ఎక్కడ ఆగిపోయారో చూడాలి.

తల్లిదండ్రులకూ ఇందులో పాత్ర ఉంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులో, సంరక్షకులో ఉండాలి. కమిటీలో సగం మంది మహిళలు ఉండాలి. ఈసారి మీటింగ్‌కి వెళ్లే అమ్మీ, అబ్బాలు మూడు మాటలు అడిగితే చాలు. ప్యానెల్ వారంలో ఎన్ని పీరియడ్లు వాడుతున్నారు? మా టీచర్లకు ఉర్దూలో శిక్షణ ఎప్పుడిచ్చారు? మధ్యలో చిక్కొస్తే వాళ్లు ఎవరిని అడగాలి? జవాబు లేకపోతే అదే కమిటీ తీర్మానంగా రాయించి మండల విద్యాధికారికి పంపాలి.