మూడు డిగ్రీల ఆకలి

అమెరికాలో ఉంటున్న మనవాళ్లు బఫేలో ఇష్టంగా ప్లేటు నింపుకునే పొడవాటి పీత కాళ్లు తరచూ స్నో క్రాబ్‌వే. ఆ పీత అలాస్కా పక్కన బేరింగ్ సముద్రం అడుగున, నీరు గడ్డకట్టడానికి కాస్త తక్కువ చలిలో పెరుగుతుంది. 2022 అక్టోబరులో అలాస్కా ప్రభుత్వం దాని వేటను ఆ సీజనుకు మొత్తంగా ఆపేసింది. అలా ఆపడం అదే మొదటిసారి. 2018 తర్వాత మూడేళ్లలో వెయ్యి కోట్లకు పైగా పీతలు కనబడకుండా పోయాయి మరి.

ఎక్కడికో వలస పోయాయన్నారు కొందరు. పడవలవాళ్లు ఊడ్చేశారన్నారు ఇంకొందరు. వలస పోయి ఉంటే పక్క జలాల్లో కోట్లకొద్దీ తేలాలి, తేలలేదు. ఇక వేటంటారా, అక్కడ పట్టనిచ్చేది పెద్ద మగ పీతల్నే. మాయమైనవాటిలో ఆడవీ ఉన్నాయి, పిల్లలూ ఉన్నాయి.

చలికాలంలో ఆ సముద్రం పైన గడ్డకట్టేటప్పుడు మంచులో ఉప్పు ఇమడదు. మిగిలిన చల్లటి ఉప్పునీరు బరువెక్కి అడుక్కి దిగుతుంది. వేసవిలో పైన మంచంతా కరిగినా, అడుగున ఆ నీరు రెండు డిగ్రీల లోపు చలితో అలాగే నిలిచి ఉంటుంది. దాన్ని కోల్డ్ పూల్ అంటారు. పిల్ల పీతలు ఉండేది అందులోనే. వాటిని మింగే పసిఫిక్ కాడ్ చేప ఆ చలికి జడిసి లోపలికి రాదు. 2018, 2019 చలికాలాల్లో మంచు సరిగా పట్టలేదు. 2018 వేసవికల్లా కోల్డ్ పూల్ దాదాపు లేకుండాపోయింది.

అయినా ఆ నీళ్లు పీతను చంపేంత వేడెక్కలేదు. అంతకన్నా వెచ్చటి నీళ్లలోనూ స్నో క్రాబ్ ప్రాణానికి ముప్పు లేదు, కడుపు నిండితే. నీరు వెచ్చబడే కొద్దీ దాని ఒంట్లో ఖర్చు పెరుగుతుంది. సున్నా నుంచి మూడు డిగ్రీలకు వచ్చేసరికి కావలసిన తిండి దాదాపు రెట్టింపవుతుంది. జీతం పెరగకుండా బియ్యం ధర రెండింతలైన ఇల్లు ఎలా ఉంటుందో అలా అయింది వాటి బతుకు. పైగా ఆ ఏడాది ఇంటినిండా జనం. 2018లో పీతల సంఖ్య మునుపెన్నడూ లేనంత ఎక్కువ. అదే సైజు పీత అంతకుముందటి ఏడాదికన్నా తేలిగ్గా తూగింది. ప్రధానంగా ఆకలే వాటిని తీసుకుపోయిందని అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవా శాస్త్రవేత్తలు 2023లో ‘సైన్స్’ పత్రికలో రాశారు.

దక్షిణ ధ్రువం వైపు వ్యవహారం ఇంకా సున్నితం. అంటార్కిటికా తీరాల్లో లాటెర్నులా ఎలిప్టికా అనే ఆల్చిప్ప బురదలో కూరుకుపోయి, గొట్టం మాత్రం పైకి పెట్టి నీళ్లు వడగట్టుకుని బతుకుతుంది. మంచుకొండలు అడుగును గీరుకుంటూ పోయినప్పుడు అది బయటపడుతుంది. మళ్లీ బురదలోకి దూరగలిగితేనే ప్రాణం దక్కేది. లాయిడ్ పెక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త బృందం 2004లో ప్రకటించిన ప్రయోగాల్లో, నీరు రెండు మూడు డిగ్రీలకు చేరేసరికి సగం ఆల్చిప్పలు దూరలేకపోయాయి. ఐదు డిగ్రీల దగ్గర ఒక్కటీ దూరలేదు. చావలేదు, చేతకాలేదంతే. తీరాన్ని అంటిపెట్టుకుని గట్టిపడే మంచు తగ్గితే మంచుకొండలకు అడ్డు ఉండదు, అడుగు మరింత గీరుకుపోతుంది. బయటపడే సందర్భాలు పెరిగే రోజుల్లోనే తిరిగి దూరే సత్తువ తగ్గుతోందన్నమాట.

ఇక పీతల సంగతి బయటపెట్టింది ఓ విసుగు పుట్టించే పని. ఏటా వేసవిలో నోవా సిబ్బంది తూర్పు బేరింగ్ సముద్రాన్ని గళ్లుగా విభజించుకుని, 370కి పైగా చోట్ల అరగంట చొప్పున అడుగున వల ఈడుస్తారు. పడ్డదంతా డెక్కు మీద కుమ్మరించి, ఆడా మగా వేరుచేసి, డిప్ప వెడల్పు కొలిచి రాసుకుంటారు. 1970ల నుంచీ ఇదే తంతు. 2020లో కొవిడ్ వల్ల ఆ సర్వే జరగలేదు. ఆ సీజనుకు కోటా 20 వేల టన్నులు దాటింది. 2021లో మళ్లీ వల వేసి చూశాక రెండున్నర వేల టన్నులకు పడింది. మరుసటి ఏడాది సున్నా. సర్వే జరిగి ఉంటే పీతలు బతికేవని నేననను. ప్రిబిలోఫ్ దీవుల్లోని సెయింట్ పాల్ అనే చిన్న ఊరికి మాత్రం, పీతల ప్లాంటు మీదే ఊరి రాబడి ఆధారపడ్డ ఆ కొద్ది వందల మందికి, సర్దుకోవడానికి కొంత వ్యవధి దొరికేది. నన్నడిగితే ధ్రువాల పరిశోధనకు ఇచ్చే డబ్బులో తొలి వాటా ఈ లెక్కలకే దక్కాలి. కొత్త ఓడల ముచ్చట తర్వాత.

2024లో రెండు వేల టన్నుల చిల్లర కోటాతో వేట తిరిగి మొదలైంది. అడుగు నీళ్లు మళ్లీ చల్లబడిన ఏళ్లలో పెరిగిన పీతలవి. ఇకమీదట కోటా కట్టేటప్పుడు ఎన్ని పీతలున్నాయన్నది ఎంత ముఖ్యమో, ఆ ఏడాది అడుగున వేడెంతన్నదీ అంతే ముఖ్యం కావాలి. అందుకు కొత్తగా కొనాల్సిన సరంజామా కూడా లేదు. సర్వే వలకు థర్మామీటరు ఎలాగూ కట్టే ఉంటుంది.