సంపాదకుని మాట: మితము, మర్యాద
1971లో రే టామ్లిన్‌సన్ ఒక కంప్యూటరునుండి వేరొకదానికి (ఆ రెండును ఒకే గదిలో ప్రక్కప్రక్కనే యుండినవట!) తొలి ఈమెయిలు పంపిన నాటినుండి కార్యాలయ వ్యవహారమునకు వేగము సమకూడినదే గాని, వివేకము తదనుగుణముగ పెరిగినదని చెప్పజాలము, ఒక్కరికి చాలిన ప్రత్యుత్తరమును అందరికిని పంపుట నేటికిని నిత్యకృత్యమే గదా! 2020 నాటి మహమ్మారితో ఎందరికో ఇల్లే కార్యాలయమైన పిమ్మట, చెప్పదలచిన విషయమును శీర్షికలోనే తెలుపు లేఖామర్యాదయు, తెర వెలుగు తగ్గించి, వేడిమికి దూరముగ నుంచి, ల్యాప్‌టాప్ బ్యాటరీని వీలైనంతవరకు 20, 80 శాతముల నడుమ నిలుపు జాగ్రత్తయు, పరుల కాలమునైనను యంత్రశక్తినైనను వృథాపుచ్చరాదను ఒకే సంస్కారమునుండి జనించినవని మాకు తోచినది. ఈ సంచికకు అంతస్సూత్రమదియే. పరిభాషకు జంకువారు బ్యాటరీ వ్యాసముతోనే పఠనము నారంభింపవచ్చును. అందు రసాయనశాస్త్రము స్వల్పము, ఉపయోగము అధికము.