పాత సరుకు, పనికిరాని సరుకు

కారు ఆయుర్దాయాన్ని నిర్ణయించవలసినది క్యాలెండరా, దాని కండిషనా? రాజధానిలో ఈ వివాదం ఏళ్ల తరబడి సాగుతున్నది. పదేళ్లు దాటిన డీజిలు బండ్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు ఢిల్లీ ప్రాంతంలో తిరగరాదన్న ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. అటువంటి వాటికి పెట్రోలు పోయరాదన్న నిబంధన 2025 జూలై 1న అమలులోకి రాగా, ప్రజల నిరసనతో కొద్దిరోజులకే దానిని నిలిపివేయవలసి వచ్చింది.

కలకత్తా మల్లిక్ బజారుకు మాత్రం ఈ విషయంలో సందేహం లేదు. పార్కు స్ట్రీటు కూడలి దగ్గర నేను చూసిన ఆ దుకాణాలలో విప్పిన ఇంజన్లు, గేరుబాక్సులు, తలుపులు, దీపాలు దేనికదే విడివిడిగా పేర్చి ఉన్నవి. ఒక బండికి కాలం తీరితే మరో నాలుగు బండ్లకు ఊపిరి పోస్తుంది. ఊరి పక్కనే ఉన్న ఉత్తర్‌పాడాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. తయారీ ఆగింది గాని, అమ్మిన కార్లు ఆగలేదు. వాటిని నడిపేవారికి ఇటువంటి బజార్లే గతి. స్టేట్స్‌మన్ పత్రిక ర్యాలీలలో మెరిసే పాతకార్ల యజమానులకైనా అంతే.

ఇక్కడ ప్రభుత్వ విధానంలోని విడ్డూరం బయటపడుతుంది. 2021లో కేంద్రం రెండు పనులు చేసింది. తుక్కు విధానం తెచ్చి, పాతబండిని అప్పగించి కొత్తది కొనేవారికి రోడ్డు పన్నులో 25 శాతం వరకు రాయితీకి దారి చూపింది. అదే ఏడు యాభై ఏళ్లు దాటిన కార్లను వారసత్వ సంపదగా గుర్తించి, 20,000 రూపాయల రుసుముతో ప్రత్యేక రిజిస్ట్రేషన్ కల్పించింది. పదిహేనేళ్లకు తుక్కు, యాభై ఏళ్లకు సంపద! నడుమ ముప్పయి అయిదేళ్లు ఆ కారు ఎలా బతకాలి? కొత్తది కొనగలవారికి రాయితీ ఉన్నది. ఉన్నదానిని బాగుచేసుకునే సామాన్యుడికి ఏమున్నది?

దొంగ సరుకు ఇటువంటి బజార్లకే చేరుతుందన్న ఆరోపణను కొట్టిపారవేయలేము. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారుకు చేరిన కోబాల్ట్-60 ఒక కార్మికుని ప్రాణం తీసిన సంగతీ మరువరాదు. పొగ కక్కే బండ్లను ఎవరూ సమర్థించరు. అయితే వీటికి మందు నియంత్రణే గాని నిర్మూలన కాదు. దుకాణాలకు లైసెన్సులివ్వాలి. విప్పే ప్రతి బండి ఛాసిస్ నంబరును నమోదు చేయించాలి. బ్రేకులు, స్టీరింగు వంటి ప్రాణాధార భాగాలను తనిఖీ లేకుండా అమ్మనీయరాదు. వయస్సుకు బదులు పొగ పరీక్షనే గీటురాయిగా పెట్టాలి.

మరమ్మతు హక్కుపై కేంద్ర వినియోగదారుల శాఖ 2022లోనే సంఘాన్ని వేసింది. ఆ హక్కు కాగితం దాటి రావాలంటే విడిభాగం చేతికి అందాలి. మన విజయవాడ ఆటోనగర్‌లో పానా పట్టిన ప్రతి కార్మికునికీ ఈ మాట తెలుసు. శాసనం చేసేవారికి తెలియవలసి ఉన్నది.