ఏసీ వేస్తే కీచుమంటోందా?

ఉప్పల్ రింగురోడ్డు ట్రాఫిక్‌లో, నాచారం పారిశ్రామికవాడ దుమ్ములో రోజూ తిరిగే కార్లకు ఎండలు ముదరగానే తరచూ వచ్చే జబ్బిది. ఏసీ వేయగానే కీచుమని ఒకటే మోత. 'కంప్రెసర్ పోయింది' అనుకుని వేలకు వేలు వదిలించుకునే ముందు ఈ చిన్న పరీక్షలు చేసి చూడండి.

ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం తిప్పి బ్లోయర్ ఒక్కటే వేయండి. స్పీడు పెంచేకొద్దీ మోత పెరిగితే లోపం డ్యాష్‌బోర్డు వెనకున్న బ్లోయర్ మోటారుదే.

అక్కడ నిశ్శబ్దమైతే, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ వేయండి. వేసిన క్షణంలో అరిచి ఆగిపోతే బెల్టు వదులై ఉండొచ్చు, అరిగి ఉండొచ్చు. కంప్రెసర్ భారం మీద పడగానే అది జారుతుంది. ఏసీ ఆపినా మోత ఆగకుండా ఇంజిన్ వేగంతో పాటు పెరుగుతుంటే పుల్లీ బేరింగును అనుమానించాలి. ఏసీ వేసినంతసేపూ గరగరమంటే అప్పుడు కంప్రెసర్ సంగతి చూడాలి.

బెల్టే కదా అని వదిలేయొద్దు. చాలా కార్లలో ఆ ఒక్క బెల్టే ఆల్టర్నేటర్‌నీ, కొన్నింటిలో వాటర్‌పంపునూ తిప్పుతుంది. తెగితే బ్యాటరీ ఛార్జింగ్ ఆగి, ఇంజిన్ వేడెక్కి, పిల్లాపాపలతో నడిరోడ్డు మీద నిలబడాల్సి వస్తుంది.

ఇంజిన్ ఆపాకే బెల్టును చూడండి. పగుళ్లుంటే మార్పించండి. మోత తగ్గుతుందని నూనె, గ్రీజు రాస్తే ఇంకా జారుతుంది. షెడ్డుకెళ్లినప్పుడు మోత ఎప్పుడు వస్తోందో, ఎప్పుడు ఆగుతోందో చెప్పండి. మెకానిక్‌కు సగం పని తగ్గుతుంది, మీకు అనవసరపు బిల్లు తప్పుతుంది.