ముందుగా పుచ్చుకొన్న సొమ్ము

వస్తువు తయారు కాకమునుపే దాని మూల్యమును పుచ్చుకొను ఆచారము సాఫ్ట్‌వేరు వ్యాపారమున, ముఖ్యముగా వీడియో గేముల వ్యాపారమున, ఎంత సామాన్యమైపోయినదనగా, దానిని నడుపు సంస్థలకు గాని దానికి అలవాటుపడిన లక్షలాది జనులకు గాని, ఈ సొమ్ము ఏ హక్కున ముందుగా చేతులు మారుచున్నది, మారిన పిమ్మట ఎవరికెవరు బాధ్యులు అను ప్రశ్న తోచుటయే అరుదైనది. అంతయు సజావుగా సాగునంత కాలము ఆ ప్రశ్నతో పని పడదు. మాట తప్పిననాడు మాత్రము కొనుగోలుదారుల ఆగ్రహము కట్టలు తెంచుకొనును. అప్పుడు లోకమున పెద్దలు కొందరు ఒక ఆటకొరకు ఇంత రభస ఏలయని చప్పరించి ఊరకుందురు. ఆ చప్పరింపు అన్యాయమని నా నిశ్చితాభిప్రాయము.

పోలండు రాజధానియగు వార్సాలోని సీడీ ప్రాజెక్ట్ సంస్థ వృత్తాంతమును చూడుడు. 2015లో ‘ది విచర్ 3’ అను గేముతో ఆ సంస్థ గడించిన కీర్తి అంతయింత కాదు. కొన్నవానిని దొంగగా అనుమానించి కాపీ రక్షణ పేరిట సంకెళ్లు తగిలింపదనియు, చిన్న చిన్న అదనపు భాగములను వెల కట్టక ఉచితముగనే పంచిపెట్టుననియు జనులు దానిని మెచ్చుకొనిరి. ఆ నమ్మకమే ‘సైబర్‌పంక్ 2077’కు పెట్టుబడియైనది. 2012లో ప్రకటింపబడిన ఆ గేమునకు 2019 జూన్‌లో లాస్ ఏంజెలిస్ నగరపు ప్రదర్శనమున నటుడు కీయానూ రీవ్స్ స్వయముగా వేదిక నెక్కి ప్రచారము చేయగా, 2020 ఏప్రిల్ 16న విడుదలయని తేదీ చాటి, ముందస్తు ఆర్డర్లు పుచ్చుకొన నారంభించిరి. ఏప్రిల్ సెప్టెంబరైనది, సెప్టెంబరు నవంబరైనది, నవంబరు డిసెంబరైనది. మూడు పర్యాయములు వాయిదా పడినను జనుల విశ్వాసము సడలలేదు. డిసెంబరు 10న విడుదలయగునాటికి ముందస్తుగా అమ్ముడైన ప్రతులు ఎనుబది లక్షలు.

విడుదలయైన మరునాటికే సంగతి బయటపడెను. ఖరీదైన కంప్యూటర్లు గలవారికి గేము ఓ మోస్తరుగా నడచినను, ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ కన్సోళ్లు గలవారికి దృశ్యములు చెదరుటయు, ఆట నడుమ ఉన్నట్లుండి ఆగిపోవుటయు, మనుష్యాకృతులు ముఖములు లేక మసకగా కనబడుటయు సంభవించెను. లోపములు ఏ సాఫ్ట్‌వేరుకైనను ఉండును. లోపము లేని ప్రోగ్రామును వ్రాసినవాడు లేడు. ఇచ్చట నేను ఎంచు దోషము వేరు. విడుదలకు ముందు సమీక్షకులకు కంప్యూటరు ప్రతులను మాత్రమే ఇచ్చి, కన్సోలు ప్రతులను దాచియుంచిరి; సమీక్షకులు తాము ఆడినపుడు తీసికొన్న దృశ్యములను చూపరాదని నిబంధన విధించిరి. విడుదలకు రెండు వారములముందే సంస్థాధిపతులు పాత కన్సోళ్లమీద సైతము గేము ఆశ్చర్యకరముగా బాగున్నదని మదుపరులతో పలికియుండిరి. అనగా, సొమ్ము ముందుగా చెల్లించినవాడు తన నిర్ణయమును మార్చుకొనుటకు అక్కరకు వచ్చు ఒక్కగానొక్క సమాచారము, వాని ఆర్డరు రద్దుచేసికొను గడువు తీరువరకును, వానికి అందకుండెను.

నాల్గవనాడు, డిసెంబరు 14న, సంస్థ క్షమాపణ కోరి, అసంతృప్తులు సొమ్ము వాపసు కోరవచ్చునని ప్రకటించెను. అయితే వాపసు చేయవలసిన దుకాణములతో ముందుగా ఏర్పాటేమియు చేసికొనకుండుటచే, కొనుగోలుదారులు ఒక ద్వారమునుండి మరియొక ద్వారమునకు తిరుగవలసి వచ్చెను. ఆ వారమే సోనీ సంస్థ తన ప్లేస్టేషన్ దుకాణమునుండి ఆ గేమును తొలగించి, కొన్నవారందరికిని పూర్తి సొమ్ము తిరిగి యిచ్చెదనని ప్రకటించెను. అంత పేరుపొందిన గేమును ఆ దుకాణము అట్లు తొలగించుట అపూర్వము. అది మరల ఆ దుకాణమున కనబడుటకు 2021 జూన్ 21 వరకు పట్టెను.

ఈ మొత్తము వ్యవహారమున సోనీని కదలించినది ఏ న్యాయస్థానపు ఉత్తరువును కాదు, ఏ ప్రభుత్వపు హెచ్చరికయు కాదు. వాపసు కావలెనని పట్టుబట్టిన సామాన్య కొనుగోలుదారుల సంఖ్యాబలమే ఆ పని చేసినది. ఇట్టి కోపమును అల్లరియని కొట్టిపారవేయువారు ఈ ఒక్క విషయమును మరువరాదు. అయితే ఆ కోపమునకు హద్దు లేకపోయిన సందర్భమును కూడ చెప్పకుండుట ధర్మము కాదు. అక్టోబరులో గేము వాయిదా పడినపుడు, దానిని రూపొందించుచున్న ఉద్యోగులకు కొందరు ప్రాణాంతకపు బెదిరింపులు పంపిరి. ఆ ఉద్యోగులు అప్పటికే వారమునకు ఆరు దినములు శ్రమించుచుండిరి. తేదీ నిర్ణయించినవారు గాని, ప్రతులను దాచినవారు గాని వారు కారు. కొనుగోలుదారుని హక్కు ఎంత గట్టిదైనను అది కూలివాని ప్రాణముతో చెలగాటమాడు అధికారము కాజాలదు. ఈ విషయమున నాకు రెండవ అభిప్రాయము లేదు.

ముందస్తు ఆర్డరునకు ఒకప్పుడు తగిన కారణము ఉండెడిది. గేములు డిస్కులలోను డబ్బాలలోను అమ్ముడైన దినములలో దుకాణదారునకు ఎన్ని ప్రతులు తెప్పించవలెనో తెలియదు. మొదటి దినమున అందరికిని అందకపోవచ్చును. ముందుగా పేరు వ్రాయించుకొన్నవానికి ఒక ప్రతి నిశ్చయముగా దక్కును. మన దేశమున గ్రంథమాలలు చందాదారులనుండి ముందుగా సొమ్ము గ్రహించి, ఆ సొమ్ముతోనే కాగితము కొని అచ్చువేసి, వారికి తగ్గించిన వెలకు గ్రంథములు పంపిన సంప్రదాయము కూడ ఇట్టిదే. అందు ఇరుపక్షములకును మేలు కలదు. కాని సైబర్‌పంక్ ముందస్తు ప్రతులలో నాల్గింట సుమారు మూడు వంతులు డిజిటల్ ప్రతులు. డిజిటల్ ప్రతి తరుగుట యెన్నడును లేదు. ఎనుబది లక్షలమంది ఒక్క గడియలో కోరినను ఎనుబది లక్షల ప్రతులును సిద్ధముగనే యుండును. కొరత లేని వస్తువునకు ముందుగా సొమ్మిచ్చినందువలన కొనుగోలుదారునకు ఒనగూడు లాభమేమి? దానికొరకే కాబోలు సంస్థలు కృత్రిమముగా ఒక లాభమును కల్పించుచున్నవి: ముందుగా కొన్నవానికి ప్రత్యేక దుస్తులు, ప్రత్యేక ఆయుధములు, కొంత ఎక్కువ చెల్లించినవానికి కొన్ని దినములు ముందుగా ఆడు అవకాశము. ఈ ఎరలన్నిటి ప్రయోజనమొక్కటే: సమీక్షలు వెలువడకమునుపే, తోడివారు మంచిచెడ్డలు చెప్పకమునుపే, సొమ్ము చేతులు మారవలెను.

కావున ముందుగా సొమ్ము పుచ్చుకొన్న సంస్థను నేను కేవలము విక్రేతగా చూడజాలను. అది వడ్డీ లేని ఋణమును పుచ్చుకొన్నది. ఋణదాతకు తన స్థితిని ఉన్నదున్నట్లు తెలుపుట దాని కనీస ధర్మము. మదుపరునకు ఆ హక్కు చట్టము కల్పించినది. సీడీ ప్రాజెక్ట్ వాటాలు కొన్న మదుపరులు అమెరికాలో దావా వేయగా, సంస్థ 18.5 లక్షల డాలర్లకు రాజీ కుదుర్చుకొనినది. వాటా కొన్నవానికి గల రక్షణ, వస్తువునకు ముందుగా మూల్యము చెల్లించినవానికి లేకుండుట ఏ న్యాయము?

ధరల విషయమున కొనుగోలుదారుల మాట ఎంతవరకు చెల్లునో 2025లో మైక్రోసాఫ్ట్ సంస్థ అనుభవము తెలుపుచున్నది. పెద్ద గేముల వెల 60 డాలర్ల వద్ద సుమారు పదునైదేండ్లు నిలిచి, 2020 ప్రాంతమున 70కి ఎగబ్రాకినది. 2025 జూన్‌లో ఆ సంస్థ ‘ది ఔటర్ వరల్డ్స్ 2’ గేమునకు 79.99 డాలర్ల వెల కట్టి ముందస్తు ఆర్డర్లు పుచ్చుకొన నారంభింపగా, నలుమూలలనుండి నిరసన రేగెను. జులై నెలలోనే సంస్థ వెనుకకు తగ్గి, వెలను 69.99కి దించి, ముందుగా చెల్లించినవారికి వ్యత్యాసమును తిరిగి ఇచ్చుటకు పూనుకొనెను. తన వస్తువునకు తాను వెల నిర్ణయించుకొను స్వాతంత్ర్యము ఏ వ్యాపారికైనను కలదు. దానిని నేను కాదనను. తయారీ ఖర్చులు పెరిగిన మాటయు నిజమే. కాని వెల తగ్గించినపుడు, తొందరపడి ముందే కొన్నవానిని వాని ఖర్మమునకు వదలివేయక, వాని పది డాలర్లు వానికి చేర్చుట ఋణధర్మమునకు తగిన నడత. సంస్థను నిరసించినవారే ఈ పనికి దానిని ప్రశంసింపవలెను కూడ.

జనుల నిరసనపైననే సర్వమును ఆధారపడరాదు. ‘స్టీమ్’ అను దుకాణమును నడుపు అమెరికా సంస్థ వాల్వ్, సొమ్ము వాపసు చేయు బాధ్యత తనకు లేదన్నట్లు నిబంధనలు వ్రాసికొనగా, ఆస్ట్రేలియా వినియోగదారుల సంరక్షణ సంఘము 2014లో దానిపై వ్యాజ్యము తెచ్చినది. తీర్పు రాకమునుపే, 2015 జూన్‌లో, కొన్న పదునాలుగు దినములలో రెండు గంటలకు తక్కువ ఆడినవారు కారణము చెప్పకయే వాపసు కోరవచ్చునని ఆ దుకాణము ప్రపంచమంతటికిని వర్తించు నియమము చేసెను. 2016లో న్యాయస్థానము వాల్వ్‌కు 30 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా విధించెను. డిజిటల్ వస్తువు ఒకసారి డౌన్‌లోడు చేసికొన్నచో వాపసు లేదని కొనుగోలుదారులకు చెప్పినందులకు సోనీ సంస్థ ఐరోపా శాఖకు 2020లో అదే దేశమున 35 లక్షల డాలర్ల జరిమానా పడెను. హైదరాబాదులో కూర్చుండి స్టీమ్‌లో గేము కొనుచున్న యువకుడు నేడు అనుభవించుచున్న రెండు గంటల వెసులుబాటు ఈ విధముగా వచ్చినదే.

మనకును చట్టము లేకపోలేదు. 2020 జులై 20న అమలులోనికి వచ్చిన 2019 నాటి వినియోగదారుల సంరక్షణ చట్టము ప్రకారము, లోపభూయిష్టమైన వస్తువును వెనుకకు పుచ్చుకొని, రసీదులో తెలిపిన గడువులోపల, గడువు తెలుపనిచో ముప్పది దినములలోపల, సొమ్ము తిరిగి ఇయ్యకుండుట అనుచిత వ్యాపార పద్ధతి. కేంద్ర వినియోగదారుల సంరక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న పదమూడు విధములైన మోసపు పోకడలను నిషేధించుచు మార్గదర్శకములు వెలువరించినది. లేని తొందరను కల్పించి కొనిపించుట వానిలో నొకటి. ఎన్నడును తరుగని డిజిటల్ ప్రతికి ముందస్తు ఎరలు చూపుట ఆ నిషేధమునకు లోబడునని ఆ సంస్థ స్పష్టముగా ప్రకటింపవలెను. విడుదలయైన పిదప సమీక్షలు చూచి ఆర్డరు రద్దుచేసికొనుటకు కొన్ని దినముల గడువును, విడుదల తేదీ మారిన ప్రతి పర్యాయమును కారణము చెప్పకయే వాపసు కోరు అవకాశమును, ముందస్తు సొమ్ము పుచ్చుకొను ప్రతి సంస్థయు విధిగా ఇచ్చునట్లు నియమము చేయవలెను. ఆ నియమము వచ్చునంతవరకు పాఠకులకు నా విన్నపమొకటి: సమీక్షలు వెలువడువరకు సొమ్ము చెల్లింపకుడు, చెల్లించి మోసపోయినచో ఊరకుండక, 1915 అను జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించుడు.