క్లచ్చి లేని బండి ఉంది గురూ!

గుడివాడ నుంచి ఓ కుర్రాడి ఉత్తరం. రైసుమిల్లు బెల్టులో ఎడంచేతి రెండు వేళ్ళు పోయాయట. బందరెళ్ళి మంగినపూడి బీచిలో బండి తోలే యోగం ఇంకెక్కడిదని రాశాడు.

యోగానికేం, లక్షణంగా ఉంది! మోటారుసైకిలు మీద ఎడంచేతికున్న పెద్దపని క్లచ్చే. గేర్లు, వెనక బ్రేకు కాళ్ళు చూసుకుంటాయి. పాత బజాజ్ చేతక్ అయితే గేర్లూ ఆ చేతికే, దాని జోలికి పోకు.

1958లో జపాను హోండావాళ్ళు సూపర్ కబ్ అని ఓ బండి తీశారు. ఒకచేత్తో నూడిల్సు పళ్ళెం మోస్తూ రెండోచేత్తో తోలుకుపోయే హోటలు కుర్రాళ్ళని దృష్టిలో పెట్టుకుని చేసిందది! క్లచ్చి లీవరే ఉండదు. ఇంజను వేగాన్ని బట్టి క్లచ్చి తనే పట్టుకుంటుంది.

1971 నాటి జేమ్స్ బాండ్ చిత్రం 'డైమండ్స్ ఆర్ ఫరెవర్' చూశారా? అందులో షాన్ కానరీ ఎడారిలో తోలిన మూడు బెలూను చక్రాల హోండాకీ క్లచ్చి లీవరు లేదు. దాని వారసులే ఇప్పటి నాలుగుచక్రాల ఏటీవీలు. యాక్సిలరేటరు తిప్పక్కర్లేదు, బొటనవేలితో నొక్కడమే. కుడిచెయ్యి దెబ్బతిన్నవాళ్ళు ఆ మీటని ఎడంపక్కకి మార్పించుకోవచ్చు.

కానీ తమ్ముడూ, దివిసీమ ఇసకలో హేండిలు ఎగిరి తంతుంది. మన హీరోల ఒంటిచేతి షాట్లు చూసి మోసపోకు, వాళ్ళకి డూపులుంటారు! ముందు డాక్టరుకి పట్టు చూపించు, ఆ తర్వాతే మెకానిక్కు. రోడ్డు బండిని మార్పిస్తే ఆర్టీఓ ఆఫీసులో రాయించాలి సుమా. 2019 చట్ట సవరణలో 'ఎడాప్టెడ్ వెహికిల్' అని దానికో పేరే పెట్టారు.

లైసెన్సు చేతికొచ్చాక ఓ కార్డుముక్క రాయి.