ఊహకు మంచి పని చెప్పండి

రాత్రి 8 అయింది. రావలసిన మనిషి ఇంకా రాలేదు. ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. పొయ్యి మీద పప్పు ఉడుకుతూనే ఉంటుంది గానీ మీ మనసు ఎప్పుడో రోడ్డెక్కేసి ఉంటుంది. అవునా, కాదా?

నంద్యాలలో మా వదినకిది రోజూ ఉన్న బాధే. అన్నయ్య ఉద్యోగం ఆళ్లగడ్డలో. మధ్య దూరం సుమారు 40 కిలోమీటర్లు. బస్సు అరగంట ఆలస్యమైతే చాలు, శిరివెళ్ల దగ్గర ఏదో అయినట్టు, ఎవరో ఫోన్ చేసినట్టు, తాను ఆస్పత్రి వరండాలో నిలబడ్డట్టు అన్నీ కళ్లకు కట్టేస్తాయి. మొన్న నేను వెళ్లినప్పుడూ అంతే. వంటింటికీ గుమ్మానికీ తిరుగుతున్న తల్లిని చూసి ఎనిమిదేళ్ల పాప, "అమ్మా, నాయన ఇంక రాడా?" అంది. వదిన ముఖం పాలిపోయింది. తన భయం బిడ్డకూ అంటుకుందని అప్పుడు తెలిసింది. పది నిమిషాలకే అన్నయ్య వచ్చాడు, జామకాయల సంచితో!

ఊహే కదా, ఏం చేస్తుందిలే అనుకోకండి. చింతతొక్కు తలుచుకుంటేనే నోట్లో నీళ్లూరవూ? జరగని ప్రమాదాన్ని తలుచుకున్నా అంతే, గుండె దడదడలాడుతుంది.

నాకొకటి తోచింది. భయానికైతే రంగులు, చప్పుళ్లు, మాటలు అన్నీ సమకూరుస్తాం. సంతోషానికి మాత్రం "అంతా మంచే జరుగుతుందిలే" అని ఒక్క ముక్క విదిలిస్తాం. ఉప్పూ కారం లేని కూర ఎవరికి రుచిస్తుంది చెప్పండి? ఆళ్లగడ్డ శిల్పులు ఉలి పెట్టకముందే కొలతలతో సహా రాతి మీద బొమ్మ గీసుకుంటారు. మన సంతోషానికీ అలాంటి గీత కావాలి.

కాబట్టి ఇలా చేసి చూడండి. ముందు నెమ్మదిగా నాలుగుసార్లు ఊపిరి తీసి వదలండి. "నాకు తెలిసిందేమిటి? బస్సు ఆలస్యం. మిగతాది నేను కలిపిందే" అనుకోండి. తరువాత గేటు చప్పుడు, చెప్పులు విడిచిన చప్పుడు, "ఆకలేస్తోంది" అన్న కేక, ఒక్కొక్కటే వినండి. ఊహ బస్సును నడపదు, నిజమే. మీ ఒంటిని మాత్రం కుదుటపరుస్తుంది. తోటి ఉద్యోగి నెంబరొకటి రాసి పెట్టుకోవడమూ మంచిదే.

దిగులు రోజంతా వెంటాడుతుంటే, దానికో వేళ కేటాయించండి. రోజూ ఒకే చోట, ఒకే సమయంలో అరగంట. మిగతా వేళల్లో "ఇప్పుడు కాదు" అనండి. అమెరికాలో బోర్కొవెక్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు 1983లో ప్రకటించిన పద్ధతి ఇది. వారాల తరబడి నిద్ర, తిండి సయించకపోతే దాచుకోకండి. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ నెంబరు 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా మాట్లాడతారు.

ఇప్పుడు బస్సు ఆలస్యమైతే వదిన పాపను దగ్గర కూర్చోబెట్టుకుని, "నాయన ఈ పొద్దు సంచిలో ఏం తెస్తాడో చెప్పుకో" అంటోందట. పాప రోజూ జిలేబీ అంటుందట. ఈ సాయంత్రం మీరేమనుకుంటారు మరి?